గొంతు వినబడని చదువు

మా ఇంట్లో చదువును చెవులతో కొలిచేవాళ్లు. మైదుకూరులో మా కిరాణా అంగడి, దాని వెనకే ఇల్లు. రెండింటికీ మధ్య ఒక వాకిలి, ఆ వాకిలికి ఒక పాత కర్టెన్. కర్టెన్ అవతల నా కూతురు గట్టిగా చదువుతుంటే ఇవతల కందిపప్పు తూస్తున్న మా ఆయన మొహంలో ఒక తృప్తి కనబడేది. గొంతు కాస్త తగ్గిందంటే చాలు, తూకం ఆపకుండానే కేక వేసేవారు.

"పాపా, ఇనపడ్లా!"

అంతే, లోపల గొంతు మళ్లీ లేచేది. ఇంగ్లీషు మీడియం కాబట్టి ఆ గొంతుకు విలువ ఇంకా ఎక్కువ. మిరప్పొడికి వచ్చినవాళ్లు, నూనెకు వచ్చినవాళ్లు ఒక నిమిషం నిలబడి వినేవాళ్లు. "ఏమప్పా, మీ పాప ఇంగ్లీషు దంచుతాండాదే!" అనేవాళ్లు. మా ఆయన ఆ రోజు వాళ్లకు కొసరు కాస్త ఎక్కువే వేసేవారు.

ఇక మా అత్త, నా కూతురికి జేజి. ఆమె వాకిలి పక్కన పీట వేసుకుని చింతపండులో గింజలు తీస్తూ కూర్చునేది. మనవరాలి గొంతు ఆమెకు రేడియో. చిన్నప్పుడు ఎక్కాలు ఊరంతా వినబడేట్టు అరిచి నేర్చుకున్న మనిషి. "నోరు మూసుకోని సదివేది సదువా? సదువు నోట్లో తిరగాల" అనేది. ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం మా ఇంట్లో పిల్లికి కూడా లేదు.

నాది ఆదోని పక్క. డిగ్రీ దాకా చదివాను గానీ ఈ ఇంట్లో నా డిగ్రీ కంటే నా మాటలే ఎక్కువ ప్రసిద్ధి. డబ్బుల్ని దుడ్లు అంటానని పెళ్లయిన కొత్తలో నవ్వారు, ఇప్పటికీ నవ్వుతున్నారు. కోపం నాకు ముక్కు మీదే ఉంటుందని కూడా ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా పిల్ల చదువు విషయంలో నేనూ ఆ గొంతును నమ్మాను. వంటింట్లో పోపు వేస్తూ వింటూ, పరవాలేదు, బిడ్డ కష్టపడుతోంది అనుకునేదాన్ని.

తొమ్మిదో తరగతిలో అర్ధసంవత్సర పరీక్షల మార్కులు వచ్చాయి. లెక్కలు, సైన్సు, సోషలు మూడూ పోయాయి. గొంతు బొంగురుపోయేదాకా చదివిన పిల్లకు, బడి నుంచి రాగానే నిద్రపోయే పక్కింటి పిల్లకంటే తక్కువ వచ్చాయి.

హెడ్మాస్టరు పిలిపించాడు. ఆయనకు పదో తరగతి ఫలితాలే ప్రాణం. గేటు మీద బ్యానర్లో ప్రతి ఏడూ 'నూటికి నూరు శాతం' అని రాయించుకునే బడి అది. ఆయన నన్ను కూర్చోమన్నాడు, పిల్లను నిలబెట్టాడు.

"చూడమ్మా, మీ పాప మంచిదే. కానీ ఈ మార్కులతో టెన్త్‌కు పంపలేం. ఏప్రిల్ పరీక్షల్లో ఈ మూడు సబ్జెక్టుల్లోనూ సగమన్నా రాకపోతే టీసీ తీసుకొని వేరే బడి చూసుకోండి. ముందే చెప్తాండా, తర్వాత అనుకోవద్దు."

నా నాలుక చివర చాలా మాటలు వచ్చాయి. చదువు చెప్పాల్సింది మీరు కదా, ఫీజు దుడ్లు లెక్క తప్పకుండా తీసుకునేది మీరు కదా అందామనుకున్నాను. పిల్ల మొహం చూసి మింగేశాను. అది నేలకేసి చూస్తోంది. ఎల్‌కేజీ నుంచి ఆ బడే. ఆటోలో కలిసి వెళ్లే స్నేహితురాళ్లంతా ఆ క్లాసే. వాళ్లంతా పదికి పోతే ఇది ఒక్కటే, పనికిరాదని పంపేసిన పిల్లగా వేరే బడి గడప ఎక్కాలి.

ఇంటికొచ్చి పిల్ల అన్నం ముట్టలేదు. పక్కన కూర్చుని బలవంతం చేస్తే అప్పుడు అంది.

"నాకు బుర్ర లేదమ్మా. ఎంత సదివినా ఏమీ నిలబడ్లా."

టీసీ మాటకంటే ఈ మాటకే నేను ఎక్కువ భయపడ్డాను. బడి పోతే ఇంకో బడి ఉంటుంది. పద్నాలుగేళ్లకే తనకు బుర్ర లేదని తీర్మానం చేసుకున్న పిల్లను ఏ బడి బాగుచేస్తుంది?

ఆ తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో బట్టలు ఆరేసి వెనక వాకిలి నుంచి లోపలికి వచ్చాను. ఎప్పుడూ వంటింట్లోంచి వినే గొంతును ఆ రోజు మొదటిసారి చూశాను. సోషల్ పుస్తకం ఒళ్లో ఉంది. వాతావరణం పాఠం. నోరు ఆగకుండా నడుస్తోంది. కళ్లు మాత్రం గోడ మీద బల్లిని చూస్తున్నాయి. చెయ్యి దిండు గలేబు దారాలతో జడ అల్లుతోంది. పేజీ చివరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే వచ్చి పేజీ తిప్పి మళ్లీ జడ దగ్గరికి పోయింది. నోటికి ఏ ఆటంకమూ లేదు.

పుస్తకం లాక్కుని మూశాను.

"ఏం చదివినావు?"

"క్లైమేట్."

"క్లైమేట్ అంటే?"

"అంటే… క్లైమేట్."

రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత కోపం వచ్చింది. "ఇంతసేపు అరిచింది ఎవరికోసం మరి?" అన్నాను.

"నాన్న కోసం" అంది అది, ఏ మాత్రం తడుముకోకుండా. "గొంతు ఆగితే నాన్న అరుస్తాడు. జేజి తొంగి సూస్తాది. ఆగి ఆలోచన చేసేకి యాడుంటాది టైము?"

పిల్ల చెప్పింది అక్షరాలా నిజం. మేమంతా కలిసి దానికి నోరు ఆడించడం నేర్పాం. అది బుద్ధిగా నేర్చుకుంది.

ఆ సాయంత్రమే ఇంట్లో చాటింపు వేశాను. రేపటి నుంచి పిల్ల చదివేటప్పుడు ఎవరూ 'ఇనపడ్లా' అనకూడదు. అది మనసులో చదువుకుంటుంది. ఆగాల్సిన చోట ఆగుతుంది. మా ఆయన నన్ను విచిత్రంగా చూశారు. మా అత్త చింతపండు పక్కన పెట్టింది.

"సప్పుడు లేకుంటే అది సదువుతాండాదో, నిద్రపోతాండాదో, ఫోను సూస్తాండాదో మనకెట్ల తెలుస్తాది?"

అడిగిన ప్రశ్న న్యాయమైనదే. ఫోను అంగడి డ్రాయర్లో పెట్టించగలను. కానీ నిశ్శబ్దంగా కూర్చున్న పిల్ల తలలో ఏం జరుగుతోందో ఎట్లా చూడడం?

దానికి సమాధానం అంగడిలోనే దొరికింది. మా అత్త పుట్టిల్లు కడప. వాళ్ల నాయనది పసుపు వ్యాపారం. అందుకే అంగడికి పసుపు కొమ్ములు ఎవరు తెచ్చినా ఆమె చూడందే దించరు. ఆ వారం ఒక రైతు రెండు సంచులు తెచ్చాడు. కొమ్ములు పాలిష్ పట్టి తళతళలాడుతున్నాయి. మా అత్త ఆ తళుకు వైపు చూడనే లేదు. సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చి ఒక కొమ్ము తీసింది, టక్కున విరిచింది, లోపలి రంగు చూసింది. ఇంకొకటి తీసి విరిచింది. అప్పుడు తల ఊపింది.

నేను అక్కడే పట్టుకున్నాను.

"అత్తా, పసుపు పైన మెరుపు చూసి కొనవు కదా. మరి పాప చదువెందుకు పైపైన వింటావు? దాన్నీ విరిచి చూడు. పుస్తకం మూయించి అడుగు."

"నాకు ఇంగ్లీషు యాడొస్తాది?"

"అదే మంచిది. తెలుగులో చెప్పించుకో. నీకు అర్థమైతే దానికి వచ్చినట్టు. నీకు అర్థం కాకపోతే దానికి రానట్టు."

ఇంగ్లీషు రాకపోవడం కూడా ఒక అర్హత అవుతుందని మా అత్తకు ఎవరూ ఇంతకుముందు చెప్పలేదు. ఆ పదవి ఆమెకు నచ్చింది.

అట్లా మొదలైంది. బడి నుంచి వచ్చి ఏదో ఒకటి తిని, కాసేపు ఊరికే ఉండి, తర్వాత పిల్ల లోపలి గదిలో నోరు మెదపకుండా చదువుకునేది. అంగడిలో సాయంత్రం గిరాకీ సద్దుమణిగేసరికి పుస్తకం మూసి అటక మీద పెట్టి, జేజి ముందు కూర్చునేది. జేజి చింతపండు గింజలు తీస్తుంది, పిల్ల పాఠం చెబుతుంది. మొదటి రోజు ఆ వాతావరణం పాఠమే. నైరుతి రుతుపవనాలు వస్తాయి, పడమటి కనుమలకు తగులుతాయి, అక్కడ వాన పడుతుంది అని గడగడా చెప్పింది.

"మరి మన కడప పక్కకేం పాపం? ఈడికెందుకు రావు?" అంది జేజి.

పిల్ల ఆగిపోయింది. గడగడలో ఆ ముక్క లేదు. లేచి పోయి పుస్తకం తీసింది. ఆ పేజీని నా కూతురు నిజంగా చదవడం నేను మొదటిసారి చూశాను. వేలు పెట్టి, వెనక్కి పోయి, మళ్లీ ముందుకొచ్చి, పెదవులు బిగించి చదివింది. పుస్తకం మూసి వచ్చి కూర్చుంది.

"మబ్బులు కొండ ఎక్కాల కదా జేజీ. ఎక్కేటప్పుడు సల్లబడి ఆ పక్కనే కురిసేస్తాయి. కొండ దిగి ఈ పక్కకొచ్చేసరికి వాటిల్లో నీళ్లు శానా తక్కువ."

"అంటే ఆడ అంతా పోసేసి ఈడికి ఉత్త చేతులతో వస్తాయి. మన సుట్టాల మాదిరే" అంది మా అత్త. ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ పాఠం ఇక జన్మలో మర్చిపోదని నాకు ఆ నవ్వుతోనే తెలిసింది.

లెక్కల సంగతి నేను చూసుకున్నాను. అక్కడ జబ్బు వేరే. గైడు పక్కన పెట్టుకుని అందులో చేసిన లెక్కను చూసి రాసుకునేది. చూస్తున్నంతసేపూ వచ్చినట్టే ఉంటుంది. గైడు తీసి నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పొద్దున లేచి మొహం కడుక్కోగానే, నిన్న చేసిన లెక్కనే తెల్ల కాగితం మీద ఏమీ చూడకుండా మళ్లీ చెయ్యాలి. రాకపోతే ఎక్కడ ఆగిందో అక్కడ పెన్సిల్‌తో గీత గీయాలి. కొన్నిచోట్ల నేనూ ఆగిపోయేదాన్ని. డిగ్రీ అయి ఎన్నేళ్లయిందో ఆ బీజగణితం నాకు గుర్తుచేసింది. ఇద్దరం తలలు పట్టుకుని కూర్చునేవాళ్లం. నేను రెండుసార్లు అరిచాను. మూడోసారి అది నా మీద అరిచింది. న్యాయంగా అది కూడా అవసరమే.

వెంటనే మల్లెలు పూశాయని చెప్పను. తర్వాత వచ్చిన చిన్న పరీక్షలో సోషలు పెరిగింది, సైన్సు కొంచెం పెరిగింది, లెక్కలు ఉన్నచోటే ఉన్నాయి. "గట్టిగా సదివినప్పుడే నయం" అన్నారు మా ఆయన. ఆ రోజు సాయంత్రం ఆయన పాత అలవాటు పైకొచ్చింది. అంగడి నిండా జనం. తూకం వేస్తూ "పాపా, ఇనపడ్లా!" అని కేక వేశారు. లోపల పిల్ల ఉలిక్కిపడి, చదువుతున్నది వదిలి, గట్టిగా ఏదో వల్లించడం మొదలుపెట్టింది.

నేను కర్టెన్ లాగి అంగడిలోకి వచ్చాను. ఎదురుగా ఎవరున్నారో కూడా చూడలేదు.

"ఇనపడకపోతేనే అది సదువుతాండాది! నిండుకుండ తొణకదని అందరికీ చెప్తారు కదా, మీ కూతురి కాడికొచ్చేసరికి ఉత్త డబ్బా మోత కావాల్నా మీకు?"

అంగడిలో నవ్వులు. నూనె డబ్బా పట్టుకున్న ఒక పెద్దాయన "నిజమేనప్పా, ఆయమ్మ సెప్పింది" అన్నాడు. మా ఆయన మొహం ముడుచుకుని తూకం వేసుకున్నారు. కానీ మరుసటి రోజు సాయంత్రం, అంగడిలో పాటలు పెట్టే డబ్బాను ఆయనే ఆపేశారు. గట్టిగా మాట్లాడుతున్న గిరాకీని చూసి నోటి మీద వేలు పెట్టి, లోపలికి చూపించారు. నేను కర్టెన్ వెనక నిలబడి చూశాను. ఆ మనిషి మీద నాకు చాలా ప్రేమ పుట్టింది, చెప్పలేదు.

మార్చి ఎండలు ముదిరే నాటికి ఇంట్లో తంతు మారిపోయింది. పిల్లే వచ్చి "జేజీ, అడుగు" అనేది. జేజి వదిలేస్తే బాధపడేది. జేజి కూడా ఆరితేరింది. సులభంగా వచ్చిన జవాబును నమ్మేది కాదు. "ఎందుకు?" అనేది. చెబితే "అట్ల కాకుంటే ఏమైతాది?" అనేది. ఒకసారి కణం పాఠం చెబుతుంటే ఉల్లిపాయ పొర తెమ్మని, వెలుతురుకు పట్టి చూసి, కణాలు యాడుండాయో చూపించమని మొండికేసింది. పిల్ల మైక్రోస్కోపు గురించి చెప్పి ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

ఒక పొద్దున లెక్క చేస్తూ పిల్ల తల ఎత్తింది. "అమ్మా, ముందైతే ఏమీ రాదనుకుంటాంటి. ఇప్పుడు నాకు రానిది ఏదో నాకు తెలుస్తాండాది. అది ఒకటి నేర్చుకుంటే సాలు" అంది. నేను పొయ్యి మీద పాలు మర్చిపోయాను. పొంగి పోయాయి. పోతే పోనీ అనుకున్నాను. పిల్ల పరీక్ష పాసవ్వడానికి ముందే ఆ రోజు నాకు సంతోషం వచ్చేసింది.

ఏప్రిల్ పరీక్షలు అయ్యాయి. మార్కులు వచ్చాయి. మూడు సబ్జెక్టుల్లోనూ సగం దాటి చాలా పైకి వచ్చింది. సైన్సులో అయితే క్లాసులో దానికంటే ఎక్కువ వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నవ్విన నాపచేనే పండుతుందని మా ఆయన అంగడికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పారు. మరుసటి రోజే హెడ్మాస్టరు నుంచి పిలుపు వచ్చింది. పొగడడానికేనని మా అత్త కూడా పట్టుచీర కట్టుకుని బయల్దేరింది.

ఆయన పొగడలేదు. మార్కుల కాగితం ముందు పెట్టుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఇంత మార్పు ఇంత తొందరగా ఎట్ల వస్తుందమ్మా? పరీక్షలో పక్కన క్లాస్ ఫస్ట్ పాప కూర్చుంది. చూసి రాసిందేమోనని మా వాళ్లు అంటాండారు. అట్లయితే టెన్త్‌లో మాకే కష్టం. టీసీ మాట మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది."

నాకు ఒళ్లు మండిపోయింది. లేచాను కూడా. ఆ టీసీ ఇప్పుడే ఇచ్చేయండి, మీ బ్యానరు మీరే ఉంచుకోండి అని నోటిదాకా వచ్చింది. నాకంటే ముందు నా కూతురు మాట్లాడింది.

"అడగండి సార్" అంది. "ఏ పాఠంలో అయినా అడగండి."

గొంతు చిన్నదే. కానీ మాట ఆగలేదు. హెడ్మాస్టరు సైన్సు పుస్తకం తీశాడు. ఆవిరి కావడం గురించి అడిగాడు. పిల్ల గది మూలన ఉన్న కుండ వైపు చూపించి, కుండకు కంటికి కనబడని సన్న రంధ్రాలుంటాయని, ఊరిన నీళ్లు ఆవిరైపోతూ కుండలోని వేడిని తీసుకుపోతాయని, అందుకే నీళ్లు చల్లబడతాయని చెప్పింది. సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే తేమ ఎక్కువ కాబట్టి అక్కడ కుండ మన దగ్గరిలా పనిచేయదని కూడా చెప్పింది.

"బుక్కులో అట్ల లేదే?"

"బుక్కులో మాట కూడా చెప్తాను సార్" అని ఇంగ్లీషులో నిర్వచనం చెప్పింది.

ఆయన పుస్తకం మూసి, ఒక కాగితం మీద లెక్క రాసి ఇచ్చాడు. బీజగణితం. పిల్ల నిలబడే రాయడం మొదలుపెట్టింది. రెండు వరుసలు రాసింది. మూడో వరుస రాసి, ఆగిపోయింది. పెన్ను కాగితం మీద నిలిచిపోయింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. హెడ్మాస్టరు కాగితం కోసం చెయ్యి చాపాడు.

"రాదులే పాపా, ఇటియ్యి."

"ఉండు సార్" అంది మా అత్త. "ఆలోచన చేస్తాండాది."

చాపిన చెయ్యి అక్కడే ఆగింది. చప్పుడు లేకపోతే నిద్రపోయిందని పేచీ పెట్టిన మనిషి, పట్టుచీర కొంగు సర్దుకుని, ఎంతసేపైనా కూర్చుంటానన్నట్టు కుర్చీలో వెనక్కి వాలింది. ఆ గదిలో మా ముగ్గురికీ తొందర లేదు. పిల్ల మూడో వరుసను ఒక్క గీతతో కొట్టేసింది. గుర్తు తప్పు వేసింది. దాన్ని సరిదిద్ది, కిందికి గబగబా దిగి, జవాబు కింద రెండు గీతలు గీసి, కాగితం తిప్పి ఆయన ముందు పెట్టింది.

ఆయన పైనుంచి కిందికి చూశాడు. మళ్లీ కిందినుంచి పైకి చూశాడు. కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"కరెక్టే" అన్నాడు. "బాగా చేసినావమ్మా. చూసి రాసిందనే మాట, టీసీ మాట ఇంకెవరూ ఎత్తరు" అన్నాడు.

నేను ఏడ్చాను. దాచుకోలేదు, సిగ్గూ పడలేదు. పిల్ల మాత్రం ఏడవలేదు. టేబుల్ దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

"టెన్త్ బుక్స్ ఎప్పుడిస్తారు సార్?"

ఆయన బెల్లు కొట్టి ఆఫీసులోంచి ఒక సెట్టు తెప్పించాడు. కట్ట చాలా బరువుగా ఉంది. మోస్తానని నేను చేతులు చాపితే ఇవ్వలేదు. రెండు చేతులతో గుండెకు హత్తుకుని, గడప దాటి, వరండాలో తన క్లాసు పిల్లల మధ్యలోంచి తల ఎత్తి నడుచుకుంటూ పోయింది. మా అత్తా నేనూ దాని వెనక నడిచాం.